ఒత్తిడి మీది, చందా మాది

ఆన్‌లైన్ థెరపీ మీకు సరిపడుతుందో లేదో తేల్చే ప్రశ్నావళి ఆ యాప్‌ల గుమ్మంలోనే ఎదురవుతుంది. దానికో సుగుణం ఉంది. ఆ పరీక్ష ఎవరూ తప్పరు. మన కార్పొరేట్ కాలేజీలు ఫలితాల మర్నాడు పేపర్ల మొదటి పేజీ నిండా ఫొటోలు వేయించుకుని చాటుకునే ఉత్తీర్ణత దీని ముందు దిగదుడుపే.

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదా? పట్టడం లేదంటే మీకు థెరపీ కావాలి. పడుతోందంటే మరీ ఎక్కువగా పడుతోందేమో, అదీ ఒక లక్షణమే, మీకు థెరపీ కావాలి. చిన్న విషయాలకే కోపం వస్తోందా? వస్తోందంటే సరే. రావడం లేదంటే లోపల అణుచుకుంటున్నారన్నమాట, అది ఇంకా ప్రమాదం. ఇంట్లోవాళ్లతో మనసు విప్పి మాట్లాడుతున్నారా? లేదంటే ఒంటరితనం. అవునంటే వాళ్లమీద ఆధారపడిపోయారు. ఎటు నొక్కినా చివరికి ఓ పచ్చచక్రం గిరగిరా తిరిగి, మీకోసమే పుట్టిన నిపుణురాలు దొరికిందని శుభవార్త చెబుతుంది. మొదటి సెషన్‌కు 40 శాతం తగ్గింపు. కాకపోతే ఆ తగ్గింపు మరో 14 నిమిషాల్లో ముగిసిపోతుంది, కింద సెకన్లు తరుగుతూ కనిపిస్తుంటాయి. ఒత్తిడి తగ్గించుకుందామని వచ్చినవాడికి ముందుగా శాంపిల్ కింద కాస్త ఒత్తిడి ఉచితంగా ఇవ్వడం వ్యాపార మర్యాద కాబోలు.

అమ్మేవాడు అమ్ముతాడు, అందులో తప్పేం లేదు. చీరల షాపువాడు మన బీరువాలో ఎన్ని చీరలున్నాయో అడిగి వెనక్కి పంపడు. అయితే వాడు తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపు తగిలించుకుని, 'మీకు చీరలోపం ఉందమ్మా' అని చీటీ కూడా రాయడు. ఇక్కడ జరుగుతున్నది అది. సరుకు అమ్మేవాడే రోగం కూడా నిర్ధారిస్తున్నాడు.

ఆస్పత్రుల్లో డిప్రెషన్‌ను ఆనవాలు పట్టడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక వాడతారు. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా ఉందని అడుగుతుంది. బతకడంకన్నా పోవడమే నయమనిపించిందా అనీ మొహమాటం లేకుండా అడుగుతుంది. దాని తయారీకి నిధులిచ్చిందీ ఫైజర్ అనే మందుల కంపెనీయే. అయినా ఆ కాగితానికి ఓ సంస్కారం ఉంది. మార్కులు నాలుగు దాటకపోతే మీకు పెద్దగా ఏమీ లేదని ఒప్పుకుంటుంది. మందుల కంపెనీ డబ్బుతో పుట్టిన పట్టిక ఒప్పుకునేదాన్ని, మన శ్రేయస్సు కోసమే పుట్టామనే యాప్‌లు ఒప్పుకోలేకపోతున్నాయి.

ఇంతకీ మనవాళ్లకున్న రోజువారీ ఒత్తిడి ఏమిటి? ఉద్యోగం గచ్చిబౌలిలో, ఇల్లు మియాపూర్‌కు అవతల. అమెరికావాడు నిద్రలేచి పళ్లు తోముకునే వేళకు ఇక్కడ మీటింగు. ఫ్లాట్ మీద ఇరవై ఏళ్ల ఈఎంఐ, ఆ ఫ్లాట్‌లో ఉండేది ఆదివారం మధ్యాహ్నం. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఫీజు వాళ్ల నాన్న చదువు మొత్తానికి అయినదానికంటే ఎక్కువ. ఊళ్లో అమ్మకు మోకాళ్లు. ఇదంతా విని యాప్‌లోని నిపుణురాలు మృదువుగా చెప్పే మాట, 'మీరు పనికీ జీవితానికీ మధ్య సరిహద్దులు గీసుకోవాలి.' గీసుకుంటాడు పాపం. మర్నాడు ఆ గీత మీదుగా మేనేజర్ బండి నడుపుకుంటూ పోతాడు. వచ్చే గురువారం సెషన్‌లో గీత ఎందుకు చెరిగిందో చర్చ. ఆ పై గురువారం, గీత చెరిగినందుకు మీకు కలిగిన అపరాధభావం మీద చర్చ. ఇంటి పైకప్పు కారుతుంటే తడవకుండా పడుకోవడమెలాగో వారం వారం నేర్పుతున్నారు. కప్పు వేయాల్సినవాడి పేరు మాత్రం ఆ యాభై నిమిషాల్లో ఒక్కసారైనా రాదు.

ఎందుకు రాదో తెలుసుకోవాలంటే బిల్లు ఎవరు కడుతున్నారో చూడాలి. ఈ యాప్‌లకు మీరు చిల్లర బేరం. టోకు బేరం మీ కంపెనీ. శుక్రవారం సాయంత్రం హెచ్చార్ నుంచి మెయిల్ వస్తుంది, 'మీ మానసిక ఆరోగ్యమే మాకు ముఖ్యం, ఏడాదికి ఆరు సెషన్లు ఉచితం' అని. దాని కిందే మేనేజర్ మెయిల్ ఉంటుంది, 'ఈ వీకెండ్ రిలీజ్, అందరూ అందుబాటులో ఉండాలి' అని. రెండూ ఒకే సర్వర్ నుంచి వచ్చినా ఒకదాన్నొకటి చదువుకున్నట్టు లేవు. ఒత్తిడి నివారణ మీద వెబినార్ మధ్యాహ్నం ఒంటిగంటకు పెడతారు. వేళకు భోజనం చేయాలని చెప్పే మాటలు భోజనం మానేసి వినాలి. హాజరు తీసుకుంటారు కూడా.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు మన యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరికల్లా ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు పాట 90కి పెంచారు. ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారని కూడా వాకబు చేశారు. వారంలో ఉన్నవి 168 గంటలే కాబట్టి ఈ వేలంపాట ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు, అదొక్కటే ఊరట. మన ప్రభుత్వాలు మాత్రం అంత దూరం పోలేదు లెండి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకు 9 గంటల గరిష్ఠ పనివేళను 10కి జరిపింది. మర్నెలే తెలంగాణ, వారానికి 48 దాటకూడదన్న షరతుతో, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి ఉత్తర్వు ఇచ్చింది. కృష్ణా నీళ్ల దగ్గర కుదరని ఏకాభిప్రాయం ఉద్యోగి చెమట దగ్గర కుదిరింది.

ఒత్తిడి గురించి నిజం చెబితే ఏమవుతుందో 2024 డిసెంబరులో దేశమంతా చూసింది. ఇళ్లకొచ్చి సౌందర్యసేవలు చేసే యస్‌మేడమ్ అనే నోయిడా కంపెనీ ఉద్యోగులను సర్వేలో ఒత్తిడి గురించి అడిగిందని, ఎక్కువగా ఉందన్నవాళ్లను సాగనంపుతున్నట్టు హెచ్చార్ పేరిట మెయిల్ పంపిందని సోషల్ మీడియా హోరెత్తింది. తిట్లు తిన్నాక కంపెనీ నోరు విప్పింది. ఎవర్నీ తీసేయలేదట, పనిచోట ఒత్తిడి ఎంత తీవ్రమైన సమస్యో జనానికి తెలియజెప్పడానికే అలా చేశారట. అబద్ధపు ఉద్వాసనతో ఒత్తిడి మీద అవగాహన! నవ్వుకోవాల్సింది అక్కడ కాదు. ఆ మెయిల్ చూసినవాళ్లలో చాలామందికి అది అబద్ధమేమోనన్న అనుమానమే రాలేదు, అక్కడ. ఒత్తిడి ఉందన్నవాణ్ని కంపెనీ తీసేయడం మనకు అంత సహజంగా తోచింది.

కంపెనీ కొనిచ్చే ఈ ప్రశాంతత పనిచేస్తుందా అంటే, బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల జవాబులను విలియం ఫ్లెమింగ్ అనే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు తిరగేశాడు. 2024లో అచ్చయిందది. యాప్‌లు, ధ్యానం క్లాసులు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణలు తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్లకంటే బాగున్న దాఖలా కనపడలేదు. ఒకే సమయంలో తీసిన లెక్క కాబట్టి అదే వేదవాక్కు అనలేం. కానీ కాస్తో కూస్తో మేలు కనిపించిందెక్కడో విన్నారా? నలుగురికి సాయపడే స్వచ్ఛంద పనుల్లో. ఫ్లెమింగ్ చెప్పేది, మనిషిని మరమ్మతు చేయడం మాని పనిని మరమ్మతు చేయండి అని. పనిని మరమ్మతు చేయాలంటే ఇద్దరి పని ఒకడి నెత్తిన ఎందుకుందో అడగాలి. అంతకంటే ఆరు సెషన్లు చవక.

ఇప్పుడు ఆ ప్రశ్నావళికి మీరు అర్ధరాత్రి, నిజాయితీగా, ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతులతో నింపిన జవాబుల సంగతికి వద్దాం. గోడలకు చెవులుంటాయని పెద్దలన్నది గోడల కాలంలో. అమెరికాలో బెటర్‌హెల్ప్ అని ఈ వ్యాపారంలో తలకాయలాంటి సంస్థ. పోడ్‌కాస్ట్‌లు వినే ఎడిసన్, డల్లాస్ తెలుగువాళ్లకు దాని ప్రకటన కంఠతా వచ్చి ఉంటుంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 మార్చిలో దానిమీద మోపిన అభియోగం ఇది: మీ వివరాలు గోప్యమని మాటిచ్చి, జనం ఈమెయిళ్లనూ ప్రశ్నావళిలో ఇచ్చిన ఆరోగ్య సమాచారాన్నీ ఫేస్‌బుక్, స్నాప్‌చాట్, పింటరెస్ట్, క్రిటియోలకు ప్రకటనల కోసం అందించింది. ఇదివరకు థెరపీ తీసుకున్నారా అన్న ప్రశ్నకు 'అవును' అన్నవాళ్లను ఫేస్‌బుక్‌కు చూపించి, ఇలాంటివాళ్లను ఇంకొందర్ని వెతికిపెట్టమంది. అంటే మీ దిగులును ఎరగా గుచ్చి మీలాంటి దిగులువాళ్లకోసం గాలం వేశారన్నమాట. తప్పు ఒప్పుకోకుండానే ఆ సంస్థ 78 లక్షల డాలర్లకు రాజీ పడింది.

అది కనీసం వ్యాపారం. ఫిన్లండ్‌లో వాస్తామో అనే థెరపీ సంస్థ రికార్డులు దొంగలపాలయ్యాయి. సుమారు 33 వేల మంది తమ కౌన్సెలర్‌కు మాత్రమే చెప్పుకున్న మాటలు. 2020 అక్టోబరులో ఆ మనుషులకు ఒక్కొక్కరికీ విడివిడిగా బెదిరింపు మెయిల్ వచ్చింది, 200 యూరోలు కట్టకపోతే నీ కథ ఊరంతా చదువుతుందని. 2024లో ఒక కుర్రవాడికి ఆరేళ్ల పైచిలుకు జైలు పడింది. మాట పోయినవాళ్లకు మాట తిరిగి రాలేదు. మనదగ్గర 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా రాసింది, 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. దాని నియమాలు వెలువడడానికి 2025 నవంబరు దాకా పట్టింది. ఈలోగా మీరు 'అంగీకరిస్తున్నాను' నొక్కిన షరతుల పత్రం మహాభారతమంత ఉంది, నొక్కడానికి మీకు పట్టింది ఒక సెకను.

సరే, అన్నీ దాటుకుని తెర తెరుచుకుంటుంది. అవతల ఎవరు? సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ మీద ఎండీ చేసినవాడు, మందు రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి, అడిగితే చెప్పాలి. ఇక కౌన్సెలర్, వెల్‌నెస్ కోచ్, హీలర్, మైండ్‌సెట్ మెంటార్ అనే పేర్లకు ఇన్నాళ్లూ కావలసింది చొరవ, వెనకాల ఓ మనీప్లాంట్ కుండీ. ఈ లోటు పూడ్చడానికే 2021లో పార్లమెంటు అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం చేసి కౌన్సెలర్లనూ అందులో చేర్చింది. చట్టం చేసినంత చురుగ్గా రిజిస్టర్లు తెరుచుకోలేదు. వీకెండ్ కోర్సులు మాత్రం తెరుచుకుంటూనే ఉన్నాయి. శనివారం ఉదయం ఇల్లాలుగా వెళ్లినావిడ ఆదివారం సాయంత్రానికి ట్రామా స్పెషలిస్టుగా తిరిగొస్తోంది.

నిజంగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల గతి చూస్తే మరీ జాలి. సెషన్‌కింత అని లెక్క, రేటింగ్ తగ్గితే జాబితాలో కిందకు తోస్తారు, రోజుకు ఎనిమిదిమంది దుఃఖం వినాలి, మధ్యలో టీకి పది నిమిషాలు. ఐదు చుక్కలు ఇవ్వండి ప్లీజ్ అని అడిగే స్థితిలో ఉన్న మనిషి దగ్గరికి, అప్రైజల్‌లో మూడు చుక్కలు వచ్చినవాడు వెళ్లి ఏడుస్తున్నాడు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది. కాకపోతే ఈ మద్దెల నవ్వుతూ ఉండాలి, సెషన్ రికార్డవుతోంది.

మద్దెల ఖర్చు కూడా ఎందుకని కొందరు యంత్రాన్ని కూర్చోబెట్టారు. ఇదీ కొత్త కాదు. ఎమ్‌ఐటీలో జోసఫ్ వైజెన్‌బామ్ 1966లోనే ఎలైజా అనే ప్రోగ్రాం రాశాడు. మనం చెప్పినదాన్నే తిప్పి మనల్ని అడుగుతుంది, అంతకుమించి దానికేం రాదు. ఆ ప్రోగ్రాం తయారీని పక్కనుండి చూసిన ఆయన సెక్రటరీయే దానితో నాలుగు మాటలు టైపు చేసి, మీరు కాస్త బయటికెళ్తారా అని ఆయన్ను అడిగిందట. వైజెన్‌బామ్ హడలిపోయి శేషజీవితమంతా జనాన్ని హెచ్చరిస్తూ గడిపాడు. ఆయన్ను హడలగొట్టిన విషయమే ఈనాటివాళ్లకు పెట్టుబడిదారుల ముందు చూపించే మొదటి స్లైడు. 2023లో అమెరికాలో తిండి రుగ్మతలున్నవాళ్లకు సాయంగా పెట్టిన టెస్సా అనే చాట్‌బాట్, ఆ మనుషులకే బరువు తగ్గే చిట్కాలు చెప్పడంతో దాన్ని మూసేయాల్సొచ్చింది. 2025 ఆగస్టులో ఇల్లినాయ్ రాష్ట్రం ఏఐతో థెరపీ చేయించడాన్నే నిషేధించింది. మన పిల్లలు మాత్రం రాత్రి రెండింటికి దానితోనే మాట్లాడుతున్నారు. వాళ్లనేం అనగలం? ఆ ఇంట్లో రాత్రి రెండింటికి విసుక్కోకుండా పలికేది అదొక్కటే.

ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు. 'సెషన్‌కు ప్రశాంతమైన, ఏకాంతమైన చోటు చూసుకోండి' అంటారు. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఏకాంతమా? హాల్లో అత్తగారు సీరియల్, ఒక గదిలో అమ్మాయి ఫిజిక్స్, రెండో గదిలో ఎవరి గురించి చెప్పుకోవాలో ఆ మనిషే. చివరికి సెల్లార్‌లో ఆపి ఉన్న కారే కన్సల్టింగ్ రూమ్. ఏసీ వేస్తే పెట్రోలు, వేయకపోతే చెమట. బాల్యం దగ్గరికి వెళ్లి కళ్లు తుడుచుకునేసరికి వాచ్‌మన్ అద్దం మీద తట్టి, 'ఏమైంది సార్, అంతా మంచిదేనా?' అంటాడు. ఆ నెలలో రూపాయి తీసుకోకుండా ఆ మాట అడిగింది అతనొక్కడే.

ఇన్ని అన్నాను కదా అని ఆన్‌లైన్ థెరపీ అంతా బూటకమని ఎవరైనా అనుకుంటే నేను వాళ్ల పక్షాన లేను. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మనదేశంలో మానసిక రుగ్మత ఉన్నవాళ్లలో, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టయినా లెక్కకు రాడు. ఉన్నచోటికి పోదామంటే ఎర్రగడ్డ అన్న మాటనే మనం తిట్టుగా వాడుకున్నాం, విశాఖవాళ్లు పెద్ద వాల్తేరును అలాగే వాడుకున్నారు. ఆ మానసిక ఆస్పత్రుల గేటులోకి వెళ్తూ తెలిసినవాళ్ల కంట పడితే చెల్లెలి సంబంధం తప్పిపోయే ఊళ్లివి. అలాంటిచోట కొత్తగా కాన్పయి కారణం తెలియకుండా ఏడుస్తున్న పిల్లకు, నైట్ డ్యూటీల నర్సుకు, భర్త వీసా మీద వెళ్లి నాలుగ్గోడల మధ్య చిక్కిన అమ్మాయికి ఫోనులో దొరికే మనిషి చిన్న సాయం కాదు. నిపుణుడి తోడుతో ఇంటర్నెట్‌లో చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ డిప్రెషన్‌కూ ఆందోళనకూ ముఖాముఖి చికిత్సతో దాదాపు సమానంగా పనిచేస్తుందని పరిశోధనలూ ఉన్నాయి. చూడండి, మంచి సరుకే. మంచి సరుకును అక్కర్లేనివాడికి అంటగట్టి, అక్కరున్నవాడి ఊళ్లో సిగ్నల్ లేకుండా చేయడం దగ్గరే నా గొడవ.

కాబట్టి తీర్పు యాప్‌కు వదలకండి. ఆదివారం రాత్రి మాత్రమే వచ్చే గుండెదడకు కారణం సోమవారం. ఎంత మంచి సైకాలజిస్టయినా క్యాలెండర్‌లోంచి సోమవారాన్ని తీయలేరు. సెలవు దొరికితే, బాకీ తీరితే, టీమ్ మారితే పోయేది రోజువారీ ఒత్తిడి. దానికి నిద్ర, నడక, సంఘం, ఒక్కోసారి ఓ రాజీనామా. కారణం పోయినా అది పోకపోతే, రెండు వారాలు దాటినా తిండి సయించక, నిద్ర రాక, చేసే పని చేతికి రాకుంటే అప్పుడు మనిషిని వెతకండి, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి మరీ. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా ప్రశ్నావళి, తగ్గింపు, గురువారం స్లాటు ఏమీ వద్దు. 14416కు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆస్పత్రికి ఎవర్నయినా తోడు తీసుకుని వెళ్లండి. ఆ నంబరు టెలీమానస్, కేంద్ర ప్రభుత్వానిది. 2022 అక్టోబరు 10న మొదలైంది. నిమ్హాన్స్ నడిపిస్తుంది, రాత్రింబవళ్లు పలుకుతుంది, తెలుగులో మాట్లాడుతుంది, పైసా అడగదు. మీకు ఈ సంగతి ఏ రీల్‌లోనూ కనపడకపోవడానికి కారణం, దాని మీద ఎవరికీ కమీషన్ లేదు.

డబ్బిచ్చి మాట్లాడదలుచుకుంటే అదీ మంచిదే. మొదటి సెషన్‌లో మీ కథంతా విని, 'మీకు నా అవసరం లేదు బాబూ, వెళ్లి మీ మేనేజర్‌తో మాట్లాడండి, కుదరకపోతే ఉద్యోగం మారండి' అని చెప్పిన కౌన్సెలర్ ఎదురైతే ఆవిడకు ఐదు చుక్కలు కాదు, పది ఇవ్వండి. నంబరు కూడా అప్పుడే రాసిపెట్టుకోండి. వచ్చే నెలకు ఆవిడ ఆ యాప్‌లో కనిపించదు.